నాలుగో పెట్టె ఎందుకు మోగలేదు?

"పన్నెండింటి దాకా చూస్తానండి. పన్నెండు దాటిందా, నాలుగు పెట్టెలూ పీకించి, గోనెసంచిలో వేసి, ఈ అమ్మాయి చేతిలో పెట్టేస్తాను. ఆపైన తన దారి తనది, నా దారి నాది," అన్నాడు అచ్యుతరామయ్య.

డిటెక్టివ్ గ్రేసీ ఆయన ఫ్యాక్టరీ ఆఫీసు గోడగడియారం వైపు చూసింది. పదింబావు. టీ గ్లాసు వైపు చూసింది. సగం కూడా ఖాళీ కాలేదు. టీ తాగుతుండగా గడువులు పెట్టేవాళ్లంటే ఆవిడకి ఒళ్లుమంట. అయినా ఈ పెద్దమనిషిని ఏమనడానికీ లేదు. భీమవరం నుంచి వచ్చి, ఫిషింగ్ హార్బర్ వెనకాల ఐస్ ఫ్యాక్టరీ పెట్టి, పాతికేళ్లుగా పడవలకి ఐస్ తోలుతున్నవాడు. అలాంటివాడి ఫ్యాక్టరీ కప్పు మీద పది రోజుల్లో మూడుసార్లు, అదీ తెల్లవారుజామునే, సైరన్ కూసింది. మూడోసారి కూసింది ఇవాళే. మూడుసార్లూ హమాలీలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు మీదకి పరుగెత్తారు. మూడుసార్లూ వెతికితే గ్యాస్ కారిన చోటు లేదు. ఐస్ అందక పడవలు ఒడ్డునే ఉండిపోయాయి. జాలరిపేట ఆడవాళ్లు గేటు ముందుకొచ్చి ఆయన్నీ, ఆయన ఏడుతరాలనీ కలిపి దులిపేసి వెళ్లారు.

ఆ సైరన్‌ని మోగించే పెట్టెలు తయారుచేసిన పిల్ల పక్క కుర్చీలో గోళ్లు కొరుక్కుంటోంది. పేరు శ్రీసత్య. రుషికొండలో చిన్న కంపెనీ. ఐస్ ఫ్యాక్టరీ నడిచేది అమోనియా గ్యాస్‌తో. అది కారితే కళ్లు మండిపోతాయి, ఎక్కువైతే ఊపిరే ఆగిపోతుంది. కారీ కారకముందే పసిగట్టి కేకపెట్టే పెట్టె కోసం శ్రీసత్య మూడేళ్లు తిండీ నిద్రా మానేసింది. ఇక్కడ పీకేస్తే హార్బర్‌లో మిగతా ఐస్ ఫ్యాక్టరీలవాళ్లు గుమ్మం కూడా ఎక్కనివ్వరు. కంపెనీకి తాళం వేసుకోవడమే. అందుకే పొద్దున్నే మద్దిలపాలెంలో గ్రేసీ ఆఫీసు మెట్లెక్కి, "మేడం, నా పెట్టెలు అబద్ధమాడవు, ఎవరో ఆడిస్తున్నారు" అని ఏడుపు గొంతుతో చెప్పింది. ఏడుస్తూ కూడా పెట్టెలనే వెనకేసుకొచ్చిన ఆ పిల్ల గ్రేసీకి భలే నచ్చేసింది.

"అబద్ధమాడవని నీకెలా తెలుసమ్మా?" గ్రేసీ టీ చప్పరిస్తూ అడిగింది.

"మొదట్లో ఆడేవి మేడం, ఒప్పుకుంటాను. లోపల ట్రాన్సిస్టర్ ఉంటుంది. దాని మీద గ్యాస్ వాలితే కరెంటు మారుతుంది. మన సముద్రపు తేమ వాలినా మారుతుంది, ఎండెక్కినా మారుతుంది. మంచు పడితే చాలు, మోగేసేది. అందుకని ఇప్పుడు ఒకటికి రెండు పెట్టాను. కవలపిల్లలనుకోండి. ఒకదాని నోటికి జాలీ, గ్యాస్ తగులుతుంది. రెండోదాని నోరు మూసేశాను, గ్యాస్ తగలదు గానీ తేమా వేడీ మాత్రం తెలుస్తాయి. ఇద్దరికీ ఒకే మార్పు వస్తే అది వాతావరణం. తెరిచిన నోటికి మాత్రమే తేడా చేస్తే అది గ్యాస్. అప్పుడే మోగుతుంది."

"బాగుంది. మరి ఏ పెట్టె మోగిందో ఎలా తెలుస్తాది?"

"సైరన్ అందరికీ ఒక్కటే. ఏ పెట్టె మోగిందన్నది మాత్రం నా ఫోన్‌లో, అయ్యగారి ఫోన్‌లో కనబడుతుంది. ఒకటోది లోడింగ్ అరుగు మీద, రెండోది ఐస్ ట్యాంకు దగ్గర, మూడోది నిల్వ గదిలో, నాలుగోది కంప్రెసర్ గదిలో. మూడుసార్లూ మొదటి మూడే మోగాయి. నాలుగోది కిక్కురుమనలేదు."

అచ్యుతరామయ్య బల్ల మీద అరచేత్తో చరిచాడు. "అదేనండి నా గొడవ! గ్యాస్ కారితే ముందు కారేది కంప్రెసర్ గదిలోనండి. అక్కడున్నది బంగారంలాగ నోరు మూసుకుని కూర్చుంటే, దూరంగా ఉన్నవి గుండెలు బాదుకుంటున్నాయి. మరేంటండి దానర్థం?"

"నాలుగోది మోగలేదని ఎవరెవరికి తెలుసు?"

"నాకూ, ఈ అమ్మాయికీ, కృష్ణంరాజుగారికీ. ఇంకెవరికీ చెప్పద్దని ఆయనే అన్నారండి. ఇప్పుడు మీకు."

కృష్ణంరాజు పేరు వినగానే గ్రేసీ నోట్లో టీ కాస్తా కషాయమైపోయింది. రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతున్నాడు. గ్రేసీ ఎక్కడ కేసు పట్టుకుంటే అక్కడ ఆవిడకన్నా అరగంట ముందే కుర్చీ వేసుకుని కూర్చోవడం ఆయన హాబీ.

అనుకున్నట్టే ఆయన లోడింగ్ అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా బకెట్టూ, గుడ్డా పట్టుకుని ఊడ్చే ఆవిడ చిట్టెమ్మ నిలబడి ఉంది. వెనకాల హమాలీలు పెద్ద పెద్ద ఐస్ దిమ్మల్ని కొక్కేలతో లాగుతూ తమాషా చూస్తున్నారు.

"మూడుసార్లూ సైరన్ కూసినప్పుడు నువ్విక్కడే ఉన్నావు. చేతిలో బకెట్టు ఉంది. బకెట్లో ఫినాయిలుంది. ఏం కలిపావు అందులో? చెప్పు!" కృష్ణంరాజు గద్దించాడు.

"తుడిసేదాన్ని బకెట్టు అట్టుకోక వీణ అట్టుకుంతానేటి బాబూ?"

హమాలీలు ఘొల్లుమన్నారు. కృష్ణంరాజు మీసం కొంచెం వంకరపోయింది.

"శుభోదయం రాజుగారూ! దొంగ దొరికేసినట్టేనా?" అంటూ గ్రేసీ వచ్చి ఆయన పక్కనే అరుగు అంచు మీద చతికిలబడింది.

"దొరికింది. ఒప్పుకోవడమే ఆలస్యం. మీరు టీ పూర్తి చేసుకుని రావలసింది గ్రేసీగారూ, ఈలోపు కేసు తేల్చేద్దును."

"గ్లాసు తెచ్చీసుకున్నాను లెండి," అంటూ చేతిలో గ్లాసు చూపించింది గ్రేసీ. "అప్పా, ఇలా రా. నువ్వు పొద్దున్న ఎన్నింటికొస్తావు?"

తనని అక్కలా అప్పా అని పిలిచిన మనిషి వైపు చిట్టెమ్మ కాస్త ధైర్యంగా తిరిగింది. "అయిదింటికొచ్చేస్తానమ్మా. నానొచ్చేసరికి ఈల్లందరూ ఇక్కడ టీ తాగుతంటారు. మెకానిక్ బాబు రాత్రి డూటీ దిగి, సేతులు కడుక్కుని ఎల్లిపోతంటాడు. నాను ముందు ఆఫీసు ఊడిసి, ఆనక ఇటొస్తాను. వచ్చీసరికి కుయ్యోమని కూత్తాది ఆ మాయదారిది."

"కంప్రెసర్ గది నువ్వే ఊడుస్తావా?"

"రోజూ ఊడవను. శుక్కురారం శుక్కురారం ఎల్తాను. నిన్న సాయంత్రం కూడా ఎల్లినాను."

"చూశారా! కంప్రెసర్ గదిలోకి కూడా వెళ్లింది!" కృష్ణంరాజు లేచి నిలబడ్డాడు.

"నాకూ ఆ గది చూడాలనుంది. నాతో వస్తావా అప్పా?"

"విచారణ మధ్యలో ముద్దాయిని తీసుకుపోతారా?"

"మీరూ రండి రాజుగారూ. ముద్దాయి పారిపోతే మీరు వెనకాల పడొచ్చు. నా కాళ్లకి అంత ఓపిక లేదు."

కంప్రెసర్ గదిలో చెవులు గింగురుమనే చప్పుడు. అడుగు పెట్టగానే గ్రేసీ ముక్కులో ఏదో ఘాటు గుచ్చుకుని రెండు తుమ్ములు తుమ్మింది. "ఇక్కడెప్పుడూ ఇంతేనమ్మా, అలవాటైపోద్ది," అంది చిట్టెమ్మ. గది మాత్రం పెళ్లివారి ఇల్లులా కళకళలాడుతోంది. కంప్రెసర్‌కి పసుపు పూసి కుంకుమ బొట్టు. మోటారుకి పసుపు పూసి కుంకుమ బొట్టు. స్విచ్ బోర్డుకి, గేజీలకి, ఆఖరికి నూనె డబ్బాకి కూడా. మూల మేకుకి బంతిపూల దండ.

"ఇదంతా నువ్వేనా?"

"నానేనమ్మా. మన కడుపు నింపే యంత్రాలు కదా. శుక్కురారం పూట పసుపూ బొట్టూ ఎట్టకపోతే ఎలగ?"

గ్రేసీ చూపు గోడవైపు మళ్లింది. కంప్రెసర్ పక్కనే, చేతికందేంత ఎత్తులో, నాలుగో పెట్టె. దానికీ నిండుగా పసుపు. పైన బొట్టు. అచ్చం కొత్త పెళ్లికూతురు.

శ్రీసత్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో! ఎవరు రాశారు దీనికి?"

"నానేనమ్మా," అంది చిట్టెమ్మ గర్వంగానే. "గదిలో అన్నిటికీ ఎట్టి దీనికొక్కదానికి ఎట్టకపోతే అదేటనుకుంతాది? కొత్తగా వచ్చింది కూడాను, దిష్టి తగుల్తాదని మూతికి దట్టంగా ఎట్టినాను. మిగతా మూడూ ఎత్తులో ఉన్నాయి, నాకు అందవు."

శ్రీసత్య వేలితో గుండ్రటి జాలీని తడిమింది. ఎన్ని శుక్రవారాల పసుపో, పొర మీద పొర ఎండి జాలీ కన్నాలన్నీ పూడిపోయాయి. ఆ పిల్ల ముఖం ఒక్కసారిగా పాలిపోయింది.

"మేడం, తెరిచిన నోరు కూడా మూసుకుపోయింది. కవలలిద్దరికీ గ్యాస్ తగలదు. ఇద్దరూ ఎప్పుడూ ఒకటే చెబుతారు. తేడా సున్నా. గదిలో గ్యాస్ ఎంత నిండినా ఇది మోగదు!" ఆమె ఫోన్ తీసి నాలుగో పెట్టె గీత చూపించింది. "సైరన్ కూసిన ప్రతిసారీ వచ్చి, మోగినవాటినే విప్పి చూశాను. ఇది మోగలేదు కదా, అన్నిటికన్నా బాగా పనిచేస్తోందనుకున్నాను. వారం కిందట పెట్టెలు కొనడానికొచ్చిన ఒక పార్టీ వాళ్లకి ఫోన్‌లో దీని రీడింగుల గీతే చూపించి, చూడండి ఎంత నిలకడగా ఉందో అని గొప్పలు పోయాను. ఎంత తెలివితక్కువదాన్ని!"

"నిలకడ కాదు, నిద్ర అన్నమాట," అంది గ్రేసీ. ఆ పిల్ల భుజం తట్టింది. "పోన్లే, ఇప్పుడైనా తెలిసింది కదా. దాని మూతి మార్చొచ్చా?"

"కొత్త జాలీ మూతలు బ్యాగులో ఉన్నాయి. పాతది ఊడదీసి కొత్తది పెడితే చాలు. లోపల ఏం చెడలేదు."

"ఆగు. ముట్టుకోకు."

గ్రేసీ కళ్లజోడు సవరించుకుని పెట్టెకి ముక్కు ఆనించేంత దగ్గరగా వంగింది. గదిలో పసుపంతా పసుపురంగులోనే ఉంది, నాలుగో పెట్టె జాలీ కింది భాగం తప్ప. అక్కడ అరచేతంత మేర ఎర్రగా ఉంది. కుంకుమ కాదు, కుంకుమ బొట్టు పైన వేరేగా ఉంది. ఈ ఎరుపు పసుపులోనే ఊరింది. దాని మీద సన్నగా అడ్డగీతలు, నిలువుగీతలు. గుడ్డ నేత అచ్చు.

"అప్పా, నిన్న సాయంత్రం పసుపులో సున్నం గానీ కలిపావా?"

చిట్టెమ్మ లెంపలు వేసుకుంది. "ఓలమ్మ! దేవుడి పసుపులో సున్నం కలుపుతారేటమ్మా? పసుపూ సున్నం కలిపేది దిష్టి నీల్లకి కదా, ఎర్రగా అయిపోవడానికి. నిన్న నాను ఎట్టినప్పుడు పచ్చగానే ఉంది."

"విన్నారా రాజుగారూ? నిన్న సాయంత్రం పచ్చన. ఇవాళ ఎర్రన. మధ్యలో ఎవరో సున్నం ఉన్న గుడ్డ ఒకటి తెచ్చి దీని మూతికి అదిమారు."

"సున్నానికీ గ్యాస్‌కీ ఏంటి సంబంధం?" కృష్ణంరాజు విసుక్కున్నాడు.

జవాబు శ్రీసత్య దగ్గర్నుంచి వచ్చింది. ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. "నవాసారం! వెల్డింగు షాపుల్లో, పాత్రలకి కళాయి వేసేవాళ్ల దగ్గర ఉంటుంది కదా, ఆ నవాసారం. దాన్ని సున్నంతో కలిపి నలిపితే అమోనియా వస్తుంది సార్! గుడ్డలో మూటకట్టి పెట్టె దగ్గర పెడితే చాలు, సెకన్లలో మోగుతుంది. తీసేస్తే ఐదు నిమిషాల్లో వాసన కూడా ఉండదు. అందుకే మనకి గ్యాస్ కారిన చోటు దొరకలేదు!"

గ్రేసీ సంతోషం పట్టలేక మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. చల్లారిపోయిన టీ కూడా ఇంత రుచిగా ఉంటుందని ఆవిడకి అంతవరకూ తెలియదు.

"మెకానిక్‌ని పిలవండి," అంది.

మెకానిక్ ఉమామహేష్ ముప్పై దాటినవాడు, నవ్వుముఖం. ఉదయం డ్యూటీ దిగి వెళ్లినవాణ్ణి అచ్యుతరామయ్య సైరన్ గొడవలో మళ్లీ పిలిపించాడు. తలుపు దగ్గర నిలబడి అరచేతిలో ఖైనీ నలుపుకుంటున్నాడు. అచ్యుతరామయ్య కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన చేతి గడియారం పదకొండున్నర దాటింది.

"నిద్ర పాడుచేసినందుకు ఏటనుకోకు బాబూ. ఇవాళ సైరన్ కూసినప్పుడు ఎక్కడున్నావు?"

"టీకొట్టు దగ్గరున్నాను మేడం. అయిదింటికి డ్యూటీ దిగిపోయాను. బండి స్టార్టు చేస్తంటే కూసింది."

"అంతకుముందు రెండుసార్లూ?"

"అప్పుడూ అంతే. నా డ్యూటీ అయిపోయాకే కూస్తన్నాది."

"నీ డ్యూటీ అయిపోయేదాకా ఆగి మరీ కూస్తందన్నమాట. మర్యాద తెలిసిన సైరన్. ఈ పెట్టెల మీద నీ అభిప్రాయం ఏటి?"

ఉమామహేష్ అచ్యుతరామయ్య వైపు చూసి నవ్వాడు. "అయ్యగారికి మొదటే చెప్పాను. ఇవి ల్యాబులో పనికొస్తాయి గానీ సముద్రం ఒడ్డున పనికిరావు. ఒకటి మోగితే ఏదో అనుకోవచ్చు మేడం. నాలుక్కి నాలుగూ ఒకదాని వెనక ఒకటి పిచ్చెత్తినట్టు మోగితే ఇంకెవడు నమ్ముతాడు?"

శ్రీసత్య తల ఎత్తింది. గ్రేసీ ఆ పిల్ల కాలు మీద మెల్లిగా కాలు వేసి నొక్కింది.

"అవునవును, ఎవడు నమ్ముతాడు," అంది గ్రేసీ హాయిగా. "బాబూ, ఖైనీలోకి సున్నం పెట్టుకున్నావేటి? కాస్త ఇస్తావా?"

"మీరు ఖైనీ వేస్తారా మేడం?"

"నాను వెయ్యను. మా రాజుగారికి చిన్న తమాషా చూపిద్దామని."

ఉమామహేష్ ఒక్క క్షణం తటపటాయించి, జేబులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి ఇచ్చాడు. గ్రేసీ వేలి కొసతో సున్నం తీసి కంప్రెసర్ మీది తడి పసుపుకి రాసింది. చూస్తూండగానే పసుపు ఎర్రబారింది. వేలు తీసుకెళ్లి నాలుగో పెట్టె మీద మరక పక్కన పెట్టింది. రెండూ ఒకటే ఎరుపు.

ఉమామహేష్ ఖైనీ నలపడం ఆపేశాడు.

"వైజాగ్‌లో సగంమంది జేబులో సున్నం ఉంటుంది," అన్నాడు కృష్ణంరాజు ముందుగా తేరుకుని. "నా జేబులో కూడా కిళ్లీ ఉంది. నన్నూ పట్టుకుంటారా?"

"మిమ్మల్ని ఎవరు భరిస్తారు రాజుగారూ? కానీ నాలుగు పెట్టెలూ మోగాయని మీరు అనలేదు కదా." గ్రేసీ ఉమామహేష్ వైపు తిరిగింది. "మోగినవి మూడే బాబూ. నాలుగోది ఒక్కసారి కూడా మోగలేదు. ఆ సంగతి మా నలుగురికే తెలుసు. అందరూ రోడ్డు మీదకి పరుగెత్తిన సందట్లో మూట పట్టుకుని నాలుగు పెట్టెల దగ్గరికీ వెళ్లినవాడు మాత్రం, పాపం, నాలుగూ మోగే ఉంటాయనుకుంటాడు. ఈ అప్ప పూసిన పసుపు దాని నోరు కట్టేసిందని వాడికి తెలీదు కదా."

ఉమామహేష్ నవ్వు ఆరిపోయింది. కానీ గట్టివాడే, వెంటనే సర్దుకున్నాడు. "మాటవరసకి నాలుగన్నాను మేడం. ఇక్కడ ఉన్నవి నాలుగు కాబట్టి నాలుగన్నాను. దానికే ఉరేస్తారా? అయినా ఈ పెట్టెలతో నాకేటి పగ? మోగితే నాకేటి, మోగకపోతే నాకేటి?"

"అదీ పాయింటు," అన్నాడు కృష్ణంరాజు. "సున్నం ఉంది, మాట తూలింది. సరే. కారణమేది? కారణం లేని కేసు స్టేషన్ గుమ్మం కూడా దాటదు గ్రేసీగారూ. ముప్పై ఏళ్లు చూశాను."

 ఆ మనిషి ఎంత చిరాకు పెట్టినా ఆ మాట మాత్రం సరైనదే, అదే గ్రేసీకి ఇంకా చిరాకు. రోజూ ఇక్కడే పనిచేసేవాడు, గ్యాస్ కారితే ముందు పోయేది తన ప్రాణమే, వాడికి ఆ పెట్టె మీద ఎవరికీ నమ్మకం లేకుండా చెయ్యాల్సిన అవసరం ఏమొచ్చింది?

"ఎవరు చేశారన్నది అటుంచండి," అచ్యుతరామయ్య నుదురు రుద్దుకున్నాడు. "సున్నంమూటకీ గ్యాస్‌కీ తేడా తెలియని పెట్టె నాకెందుకండి? ఎవడు పడితే వాడు ఆడించొచ్చు. పైగా కాస్త పసుపు రాస్తే మూగబోతుంది. ఇలాంటిదాన్ని నమ్ముకుని నా మనుషుల్ని ఎలా ఉంచనండి ఇక్కడ?"

"అది నిజంగా అమోనియానేనండి!" శ్రీసత్య పెట్టెకి కొత్త జాలీ మూత బిగిస్తూ అరిచినంత పని చేసింది. "మూటలోంచి వచ్చినా అమోనియా అమోనియానే. ఉందన్నప్పుడు ఉంది, అంతే. అవి ఒక్కసారి కూడా అబద్ధమాడలేదు. పసుపు సంగతి మాత్రం నా తప్పే. మౌనంగా ఉందంటే క్షేమంగా ఉందనుకున్నాను. ఇకమీద పెట్టె తన నోరు తెరిచి ఉందో లేదో రోజూ తనే చూసుకునేలా చేస్తాను. నాకొక్క అవకాశం..."

"టైమైపోయిందమ్మా," అన్నాడాయన. కోపంగా కాదు, బాధగానే అన్నాడు. "ఇదే వయసు మనవరాలుంది నాకు. నిన్ను చూస్తే జాలేస్తోంది. కానీ మూడుసార్లు బెదిరిపోయాక నా మనుషులు దాని మాట వినరు. ఎవరూ నమ్మనిది నిజం చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఆపు. స్క్రూలు కూడా నువ్వే విప్పేసెయ్."

శ్రీసత్య కళ్ల నిండా నీళ్లు. పెట్టె మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది, కొత్త మూతతో గాలి పీల్చడం మొదలుపెట్టిందన్నమాట. ఆ పిల్ల స్క్రూడ్రైవర్ కోసం బ్యాగులో చెయ్యి పెట్టింది.

ఆకుపచ్చ దీపం ఎర్రగా మారింది. కప్పు మీద సైరన్ గొంతెత్తింది.

"భలే!" కృష్ణంరాజు చప్పట్లు కొట్టాడు. "ఆఖరి నిమిషంలో ఆఖరి నాటకం! మీ వేలికి ఇంకా సున్నం ఉంది గ్రేసీగారూ. ఎక్కడ దాచారు మూట?"

"నా దగ్గర ఏ మూటా లేదు!" గ్రేసీ రెండు చేతులూ చాపి చూపించింది. "అమ్మా సత్యా, నువ్వేదైనా పెట్టి చూశావా?"

"నేనేం పెట్టలేదు మేడం. వట్టి గాలి. ఈ గదిలో గాలి!"

"మళ్లీ మొదలెట్టిందండి," అచ్యుతరామయ్య నిట్టూర్చాడు. "కవలలో, పిల్లలో, ఇంక నా వల్ల కాదు. ఉమామహేష్, ఆ సైరన్ ఆపరా!"

ఉమామహేష్ ఆ మాట వినిపించుకోలేదు.

క్షణం కింద తలుపు దగ్గర నిలబడ్డవాడు, కంప్రెసర్ వంక ఒక్క చూపు చూసి, చొక్కా ముక్కుకి అడ్డం పెట్టుకుని, గుమ్మంలో ఉన్న యజమానిని భుజంతో తోసేసి, అరుగు మీంచి దూకి, గేటు వైపు పరుగు తీస్తున్నాడు. ఖైనీ నేలపాలైంది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. ఈ పెట్టెలు ల్యాబుకే పనికొస్తాయని ఇప్పుడే కదా చెప్పాడు! గదిలో ఇంతమంది ఉంటే పెట్టె మాట నమ్మినవాడు వాడొక్కడే.

గ్రేసీకి కారణం దొరికింది. కారణమే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెడుతోంది.

"అయ్యగారూ, ఈ కంప్రెసర్‌కి ఈమధ్య ఏం రిపేరు చేయించారు?"

అచ్యుతరామయ్య నోరు తెరిచాడు. "షాఫ్టు దగ్గర సీలు... పోయిన నెల. గ్యాస్ బయటికి రాకుండా పట్టి ఉంచేది అదేనండి. కొత్తది వేశానన్నాడు వాడే." ఆయన కళ్లు కంప్రెసర్ మీదకి వెళ్లాయి. షాఫ్టు దగ్గర, పసుపూ బొట్టూ వెనకాల, నూనె తడిలో సన్నగా బుడగలు తేలుతున్నాయి. "వెయ్యలేదన్నమాట. కొత్తదాని డబ్బు జేబులో వేసుకుని పాతదే ఉంచేశాడు. అది కారుతోందని వాడికి తెలుసు. ఈ అమ్మాయి పెట్టెలు వాణ్ణి పట్టిచ్చేస్తాయని..."

"పట్టిచ్చేలోగా వాటి మాట ఎవరూ నమ్మకుండా చేసిపెట్టాడు," అంది గ్రేసీ. "బయటికి! అందరూ బయటికి!"

అప్పుడే షాఫ్టు దగ్గర టప్పుమని చప్పుడైంది. తెల్లటి పొగ ఈలవేస్తూ చిమ్మింది. కళ్లలో కారం కొట్టినట్టయింది. కృష్ణంరాజు ఎంత పొగరుబోతైనా పిరికివాడు కాదు. జేబురుమాలు చిట్టెమ్మ చేతిలోని ఫినాయిలు బకెట్లోనే ముంచి ముక్కుకి కట్టుకుని, ఎర్ర స్విచ్ మీద పిడికిలితో గుద్ది కంప్రెసర్ ఆపాడు. చిట్టెమ్మ శ్రీసత్య రెక్క పట్టుకుని బయటికి లాగేసింది. దగ్గుకుంటూ, ఒకళ్ల మీద ఒకళ్లు పడుతూ అరుగు మీదకి వచ్చి పడ్డారు. గేటు బయట ఉమామహేష్ బండి స్టార్టయిన చప్పుడు వినబడింది. గ్రేసీ అటు ఒక అడుగు వేసింది. అంతలో ఐస్ ట్యాంకు వైపు చూసి అక్కడే ఆగిపోయింది.

యంత్రం ఆగినా పైపుల్లో ఉన్న గ్యాస్ ఆగలేదు. తెల్లటి పొగ కంప్రెసర్ గది కిటికీలోంచి పాకుతూ ట్యాంకు వైపే పోతోంది. సైరన్ చెవులు చిల్లులు పడేలా కూస్తోంది. ట్యాంకు మీద పనిచేస్తున్న హమాలీల్లో ఒక్కడు కూడా కదల్లేదు.

"మళ్లీ ఏడుపు మొదలెట్టిందిరా బావా! దీనికి పాలు పట్టండిరా ఎవరైనా!" అన్నాడొకడు, కొక్కెం ఊపుతూ. అందరూ పగలబడి నవ్వారు. ఇంకొకడు సైరన్‌కి తగ్గట్టు చిందెయ్యడం మొదలుపెట్టాడు.

"అది నిజం! పరిగెత్తండి!" గ్రేసీ గొంతు చించుకుంది. శ్రీసత్య కూడా అరిచింది. "ఇదేటి కొత్త నాటకం!" అని వాళ్లు ఇంకా నవ్వారు. ఎవరో డిటెక్టివ్ అట, ఎవరో పెట్టెల పిల్ల అట, వాళ్లెందుకు వింటారు?

అప్పుడు ఆ ఫ్యాక్టరీలో ఎవరూ ఎన్నడూ చూడనిది చూశారు. అచ్యుతరామయ్య పంచె పైకెగ్గట్టి, డెబ్భై ఏళ్ల కాళ్లతో, తడి నేల మీద జారుతూ, తూలుతూ, పొగకి ఎదురు పరుగెత్తాడు. చిందేస్తున్నవాడి చొక్కా కాలరు పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు.

"నవ్వకండ్రా! పెట్టె నిజం చెబుతోంది! ఇన్నాళ్లూ నిజమే చెప్పింది, అబద్ధమాడింది మనవాడేరా!" ఆయన గొంతు సైరన్‌ని మించిపోయింది. "నా మీద ఒట్టు, దాని మాట వినండ్రా! పరిగెత్తండి!"

నవ్వులు ఆగిపోయాయి. ముందు ఒక కొక్కెం నేల మీద పడింది. ఆ వెనకే మిగతావన్నీ పడ్డాయి.